పాత ఫోల్డర్ తీసేసే ముందు

“భోజనాలయ్యాక ఆ పేజీ ఒకసారి చూడు. మళ్ళీ ఎవరో అర్థం కాలేదంటున్నారు,” అన్నాడు భర్త, వంటింటి గుమ్మంలో నిలబడి, ఫోన్‌లోంచి తలెత్తకుండా. ఆమె అప్పుడు అత్తగారి మోకాళ్ళకి నూనె వేడిచేస్తోంది. ఒక పొయ్యి మీద నూనె, ఇంకో పొయ్యి మీద పాలు, సింకులో నానుతున్న పాప టిఫిన్ డబ్బా. “చూస్తాను,” అంది. “చూస్తాను కాదు, ఇవాళే చూడు. రాయడమే కదా, నీకెంతసేపు,” అని వెళ్ళిపోయాడు.

రాయడమే కదా. వండడమే కదా, తుడవడమే కదా, పాపని చూసుకోవడమే కదా అనే మాటల సరసన ఆ మాట కూడా ఎప్పుడో చేరిపోయింది. చివర ఒక ‘కదా’ తగిలిస్తే చాలు, ఎంత బరువైన పనైనా దూదిపింజ అయిపోతుంది, మొయ్యాల్సినవాళ్ళకి తప్ప. ఆమె పొయ్యి కట్టేసి, నూనె గిన్నె గుడ్డతో పట్టుకుని అత్తగారి గదిలోకి నడిచింది. నడుస్తూనే ఆ పేజీలో ఎక్కడ అర్థం కాకపోయి ఉంటుందా అని వెతకడం మొదలుపెట్టింది. కళ్ళ ముందు కాగితం అక్కర్లేదు ఆమెకి. ఆ పేజీలన్నీ ఆమెకి తన ఇంటి అలమారుల్లా తెలుసు.

భర్త ఉద్యోగం ఒక చోట, మనసు ఇంకో చోట. క్రిప్టో నాణేల లెక్క ఏ బ్యాంకులోనూ ఉండదు. దేశదేశాల్లో ఉన్న మామూలు మనుషులు ఆ మొత్తం లెక్కకి తలా ఒక నకలు తమ కంప్యూటర్లో పెట్టుకుని, దొంగ లెక్క ఏదీ దూరకుండా కాపలా కాస్తుంటారు. ఆ కాపలా కాసే ప్రోగ్రామే నోడ్. అలాంటి ఒక నోడ్ ప్రోగ్రాంని కొందరు కలిసి జీతం భత్యం లేకుండా రాస్తున్నారు. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దుబాటు పంపవచ్చు, చూసుకునేవాళ్ళు ఒప్పుకుంటే అది చేరుతుంది, ఏ అక్షరం ఎవరు మార్చారో లోకమంతా చూడవచ్చు. ఆ కొందరిలో ఆమె భర్తది పెద్ద చెయ్యి. “ఎవరి పెత్తనమూ లేని వ్యవస్థ ఇది,” అని అతను స్నేహితులకి చెబుతుంటే, టీ కప్పులు పట్టుకెళ్ళిన ఆమెకి నవ్వొచ్చేది. ఆ నవ్వుని జాగ్రత్తగా వంటింటి దాకా మోసుకొచ్చి, అక్కడ నవ్వుకునేది.

పెళ్ళికి ముందు, పెళ్ళయ్యాక కొన్నాళ్ళు, ఆమె ఒక కంపెనీలో టెస్టర్‌గా పనిచేసింది. పక్కవాళ్ళు రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టే ఉద్యోగం. పాప నెలలు నిండకుండానే పుట్టింది. “ఇద్దరం పరిగెడితే దాన్ని ఎవరు చూస్తారు? కొన్నాళ్ళు ఆగు,” అన్నాడు భర్త. అతను అన్నది ప్రేమగానే. ఆ కొన్నాళ్ళలో పాప నడిచింది, మాట్లాడింది, బడికి వెళ్ళింది. మామగారు పోయారు, అత్తగారు వీళ్ళ దగ్గరికి వచ్చారు. కొన్నాళ్ళు మాత్రం అవలేదు.

ఒకరోజు భర్త విసుక్కుంటూ వచ్చాడు. కొత్తవాళ్ళు నోడ్ పెట్టుకోలేక ప్రాణం తోడేస్తున్నారట, అన్నీ రాసి పెట్టినా చదవరట. పాప నిద్రపోతోంది. ఆమె మూలనున్న పాత లాప్‌టాప్ తెచ్చుకుని, నోడ్ ఎలా పెట్టుకోవాలో చెప్పే ఆ పేజీ తెరిచి, అందులో ఉన్నది ఉన్నట్టు చేసుకుంటూ పోయింది. కాసేపటికే ఆగిపోయింది.

“ఇక్కడ ముందుకి పోవడం లేదండీ. దీనికి ముందే ఇంకేదో పెట్టుకోవాలేమో, ఆ సంగతి ఎక్కడా రాయలేదు.”

“అది ఎవరికైనా తెలుస్తుంది.”

“నాకు తెలియలేదుగా.”

“నీకు తెలియకపోవడం వేరు,” అన్నాడు.

ఎలా వేరో అడగలేదు ఆమె. ఆ పూట అంట్లు తోముతూ ఆలోచించింది. తెలిసినవాళ్ళు రాసేటప్పుడు తమకి తెలిసింది దిగమింగేస్తారు. చదివేవాళ్ళు ఆ మింగేసిన చోటే కాలుజారి పడతారు. పడ్డవాళ్ళు తమకి బుర్ర లేదనుకుంటారు గానీ మెట్టు లేదనుకోరు. తను వంట నేర్చుకున్న రోజుల్లో అత్తగారు “తగినంత ఉప్పు” అన్నప్పుడు తనూ అలాగే అనుకుంది.

అప్పటినుంచి మధ్యాహ్నాలు, అత్తగారు కునుకు తీసే వేళ, ఆమె ఆ పేజీలు తిరగరాయడం మొదలుపెట్టింది. రాయడమంటే ముందు తనకి తెలిసినదంతా మరిచిపోవాలి. ఏమీ తెలియని ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మనిషి ఎక్కడ భయపడుతుందో, ఎక్కడ సిగ్గుపడి అడగడం మానేస్తుందో కనిపెట్టాలి. ఆ పనిలో ఆమెకి ఒళ్ళు తెలిసేది కాదు. పాలు పొంగిపోతే అత్తగారే లేచి వచ్చి పొయ్యి కట్టేసి, “ఆ పెట్టె ముందు కూర్చుంటే నీకు ఇల్లు కాలినా తెలీదమ్మాయ్,” అనేవారు.

రాసినవి భర్త పేరు మీద వెళ్ళేవి. “కొత్త పేరైతే వాళ్ళు పట్టించుకోరు. నా పేరుతో పంపితే వెంటనే ఒప్పుకుంటారు,” అన్నాడు మొదట్లో. అదీ నిజమే. తర్వాత కొత్తవాళ్ళు సందేహాలడిగే ఆన్‌లైన్ చర్చా గదిలో జవాబులు రాసే పని కూడా ఆమెకే వచ్చింది. పాత లాప్‌టాప్‌లో తన ఖాతా తెరిచి ఇచ్చి, “నాలాగే రాసెయ్. ఎవరు రాస్తే ఏంటి, పని అవ్వాలి,” అన్నాడు.

ఒక సెలవురోజు ఆ బృందంలో కొందరు భోజనానికి వచ్చారు. వాళ్ళలో అందరూ గౌరవించే ఒక గడ్డం పెద్దాయన ఉన్నాడు. ఆయన చెయ్యి కడుక్కొచ్చి కూర్చుంటూ, “ఈ మధ్య మీరు రాస్తున్న పేజీలు చదివి మా తమ్ముడు కూడా నోడ్ పెట్టేశాడండీ. వాడికి బల్బు మార్చడం రాదు. ఇంత ఓపిక మీలో ఉందని నాకు తెలీదు,” అన్నాడు భర్తతో. ఆమె గరిటె పట్టుకుని ఆయన వెనకే నిలబడి ఉంది. భర్త కంచం వైపు చూస్తూ, “ఏదో, తీరిక దొరికినప్పుడు,” అన్నాడు. ఆ క్షణంలో అతను తలెత్తి ఆమె వైపు ఒక్క చూపు చూసినా సరిపోయేది. మాట కూడా అక్కర్లేదు. ఆమె ఆ చూపు కోసం ఆగింది. “వడ్డించమ్మాయ్, ఆయన కంచం ఖాళీగా ఉంది,” అన్నారు అత్తగారు.

పెద్దాయన తింటూనే ఒక సలహా కూడా ఇచ్చాడు. “ఒకటే లోటు. కొన్నిచోట్ల మరీ చంటిపిల్లలకి చెప్పినట్టుంది. అందులో ఒక హెచ్చరిక ఉంది చూడండి, ‘మేమూ తెచ్చివ్వలేం’ అంటూ. అలా రాస్తే మన ప్రోగ్రాం మీద జనానికి భయం పుడుతుంది.”

ఆ వాక్యం ఆమె రాసిందే. నోడ్ ఎక్కడైనా చిక్కుపడి ఆగిపోతే, పాత డేటా ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్ళీ మొదటినుంచి నింపుకోవడం మామూలు ఉపాయం. అయితే ఎవరి నాణేల తాళంచెవి వాళ్ళ దగ్గరే, ఆ ఫోల్డర్ లోపలే ఒక చిన్న వాలెట్ ఫైలులో ఉంటుంది. అందుకని ఆమె ఇలా రాసింది: ‘పాత ఫోల్డర్ తీసేసే ముందు అందులోని వాలెట్ ఫైలుని వేరేచోట దాచుకోండి. అది పోతే మేమూ తెచ్చివ్వలేం, ఎవరూ తెచ్చివ్వలేరు.’

అతిథులు వెళ్ళగానే భర్త ఆ వాక్యం తీసేశాడు. ఆమె చూసి, “అది ఉండాలండీ. కొత్తవాళ్ళకి ఆ ఫోల్డర్లో ఏముంటుందో ఎలా తెలుస్తుంది?” అంది. “ఇంట్లో సామాను బయట పారేసేవాళ్ళు లోపలేముందో చూసుకోరా? పేజీ నిండా అమ్మమ్మ సుద్దులు రాస్తే నలుగురూ నవ్వుతారు,” అన్నాడు. ఆమె ఇంకా ఏదో అనబోయింది. ఇంతలో పాప వాంతి చేసుకుంది. ఆ పూటంతా పక్కగుడ్డలు ఉతకడంతో, జ్వరం చూడడంతో సరిపోయింది. ఆ తర్వాత ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. పెరటిచెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా అనుకుని ఊరుకుంది.

పేజీ అర్థం కాలేదని భర్త చెప్పిన ఆ రోజు మధ్యాహ్నం చర్చా గది తెరిస్తే, అక్కడ ఒకావిడ రాసిన మాటలున్నాయి. ఆవిడ స్కూలు బస్సు నడుపుతుందట. నోడ్ ఆగిపోతే, పేజీలో రాసినట్టే పాత ఫోల్డర్ తీసేసి మళ్ళీ నింపుకుందట. అంతా బాగానే నడుస్తోంది గానీ, తన నాణేలు సున్నా అని చూపిస్తోందట. ‘ఎక్కడ చూడాలో నాకు అర్థం కాలేదు, దయచేసి చెప్పండి,’ అని ముగించింది. దాని కింద ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. ఇంకెవరో, ‘చదువుకుని రావాలమ్మా ఇలాంటి వాటిలోకి,’ అని రాశారు. దాని కింద తన భర్త పొద్దున్నే ఇచ్చిన జవాబు ఉంది: ‘ఈ ప్రోగ్రాం ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం. నష్టాలకి బృందం బాధ్యత వహించదు.’

ఆ వాక్యం ఉండి ఉంటే. ఆ రోజు పాపకి వాంతి కాకపోయి ఉంటే. తను ఇంకొక్కసారి గట్టిగా అని ఉంటే. అనకపోవడం ఎంత సులువుగా అలవాటైపోయిందంటే, అనకుండా ఊరుకున్న మాటలు ఎక్కడికో వెళ్ళి ఎవరో ఒకరి మీద పడతాయన్న ఊహే ఆమెకి రాలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, బస్సు నడిపే ఆవిడకి విడిగా రాసింది. ‘ముందు ఆ కంప్యూటర్‌ని ముట్టుకోకండి. ఆపేసి ఉంచండి. మనం నెమ్మదిగా వెతుకుదాం.’

జవాబు వెంటనే వచ్చింది. ‘థాంక్స్ సార్. పొద్దున మీరు కోపంగా ఉన్నట్టున్నారు. ఫరవాలేదు సార్.’

సార్. అవును, ఖాతా అతనిది. పైన అతని ఫొటో కూడా ఉంది, నవ్వుతూ. ఆమె తర్వాతి ప్రశ్న అడిగింది.

కొన్ని రోజులపాటు ఆ వెతుకులాట సాగింది. పిల్లల్ని బడి దగ్గర దింపేశాక బస్సు ఆవిడకి తీరిక, అత్తగారు పడుకున్నాక ఈమెకి తీరిక. ఆవిడ కంప్యూటర్ ఆవిడ ఇంట్లో లేదు, అక్క ఇంట్లో ఉంది. ‘మా ఇంట్లో అయితే కుదరదు సార్,’ అని రాసింది. కొంచెం కొంచెంగా మిగతాదీ తెలిసింది. జీతం పడే బ్యాంకు పుస్తకం, కార్డు భర్త దగ్గరే ఉంటాయి. ఓవర్‌టైం చేతికిస్తారు కాబట్టి అదొక్కటే ఆవిడది. ఇంట్లో పోపుల డబ్బా నుంచి దిండు గలీబు దాకా అతను వెతకని చోటు లేదు. ఎవరో చెబితే ఈ నాణేలే ఎవరూ వెతకలేని చోటు అనుకుంది. కూతుర్ని తీసుకుని వేరే గది అద్దెకి తీసుకుందామని దాచింది. నోడ్ కూడా అందుకే నేర్చుకుంది, మధ్యలో ఇంకొక మనిషిని నమ్మాల్సిన పని లేకుండా. ‘మీ పేజీలు చదివే నేర్చుకున్నాను సార్. పక్కన కూర్చుని చెప్పినట్టుంటాయి,’ అని రాసింది.

కంప్యూటర్ చెత్తబుట్టలో చూశారు. పాత పెన్‌డ్రైవులు చూశారు. చెరిగిపోయిన ఫైళ్ళని వెతికి తెచ్చే ప్రోగ్రాం ఒకటి పెట్టించింది ఈమె. కానీ కొత్తగా నింపుకున్న లెక్క పాత ఫైలు ఉన్న చోటంతా ఆక్రమించేసింది. ఊరు మునిగాక ఇంటి గడప వెతికినట్టయింది. ఆమెకి మొదటి రోజే సగం తెలుసు. పూర్తిగా తెలిశాక కూడా, ఇంకొక్క చోటు చూద్దాం, ఇంకొక్క ఉపాయం చూద్దాం అంటూ రోజులు జరిపింది. ‘దొరకదు’ అన్న మాట తన చేత్తో రాయడం ఆమెకి చేతకాలేదు.

చివరి ఉపాయం కూడా పనిచేయని రోజు ఆమె లాప్‌టాప్ ముందు కూర్చుని ఏడుస్తుంటే అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చారు.

“ఎవరైనా పోయారా?”

“లేదత్తయ్యా. ఎవరో తెలియని ఆవిడ. వాళ్ళాయనకి తెలియకుండా దాచుకున్నదంతా పోయింది.”

అత్తగారు నెమ్మదిగా మంచం మీద కూర్చున్నారు. ఏదో ఒకటి అంటారనుకుంది ఆమె. మొగుడికి తెలియకుండా దాచడమేంటి అంటారనుకుంది. ఆవిడ మోకాలు రాసుకున్నారు.

“అలాంటిది పోతే ఏడవడానికి కూడా ఉండదమ్మాయ్,” అన్నారు. “ఉందని ఎవరికీ చెప్పి ఉండదుగా. దేనికి ఏడుస్తున్నావంటే ఏం చెప్తుంది? వంట చేస్తూ ఆ ఏడుపు ఉల్లిపాయల మీదకి నెట్టేయాల్సిందే.”

ఆమె తలెత్తి అత్తగారి ముఖంలోకి చూసింది. ఆవిడ చూపు తిప్పుకున్నారు. ఇన్నేళ్ళుగా ఆ మోకాళ్ళకి నూనె రాస్తోంది తను. ఆవిడ ఏం దాచుకున్నారో, అది ఎలా పోయిందో, ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ సాయంత్రం భర్తతో మాట్లాడింది. ఆ వాక్యం మళ్ళీ పెట్టమని అడిగింది. అతను కోప్పడలేదు. పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడాడు. “ఇప్పుడు పెడితే, ఇన్నాళ్ళూ లేకపోవడం మన తప్పని ఒప్పుకున్నట్టే. కొన్నాళ్ళు పోనీ. వేడి చల్లారాక ఎక్కడో ఓ మూల పెడదాం.” చొక్కా మార్చుకుంటూ, “అయినా పేజీ నా పేరు మీద ఉంది. మాట పడేది నేను, నువ్వు కాదుగా,” అన్నాడు. అతను నిజంగానే ఆ మాట నమ్ముతున్నాడని ఆమెకి అప్పుడు అర్థమైంది. అంతకుముందు జరిగిన వాటన్నిటికంటే అదే ఎక్కువ బాధపెట్టింది. తన నోటి ముందు మాట లాక్కున్నాడని కూడా అతనికి తెలియదు. లాక్కున్నట్టు తెలిస్తే కదా ఎప్పుడైనా తిరిగిచ్చేది.

మర్నాడు బస్సు ఆవిడకి రాసింది. ‘దొరకదండీ. నేను వెతకగలిగిన చోట్లన్నీ అయిపోయాయి.’

జవాబు వచ్చింది. ‘సరే సార్. నాకూ అలాగే అనిపించింది. మీరు ఇన్ని రోజులు నాకోసం కూర్చున్నారు. మగవాళ్ళలో ఇంత ఓపికగా మాట్లాడేవాళ్ళుంటారని నాకు తెలీదు. మీ ఇంట్లో ఆవిడ అదృష్టవంతురాలు సార్.’

ఆమె ఆ మాటల్ని మళ్ళీ మళ్ళీ చదివింది. వంటింట్లో కుళాయి కారుతోంది. దాన్ని కట్టడానికి కూడా లేవలేదు. ఆవిడకి డబ్బు పోయింది. మగవాళ్ళ మీద ఇంత నమ్మకం మిగిలింది, అదైనా ఉండనివ్వొచ్చుగా అనిపించింది ఒక క్షణం. కానీ ఆ నమ్మకం కూడా ఇంకొక ఆడమనిషి చెమట మీద నిలిచిందే. దాన్ని పట్టుకుని ఆవిడ ఇంకో మగవాడి కోపాన్ని ‘ఫరవాలేదు సార్’ అనుకుంటూ ఎన్నేళ్ళు ఓర్చుకుంటుందో. ఆమె రాసింది. ‘నేను సార్‌ని కాదండీ. ఆయన భార్యని. ఆ పేజీలు రాసింది నేను. ఫోల్డర్ తీసేసే ముందు జాగ్రత్త చెప్పే వాక్యం కూడా రాశాను. తీసేశారు. నేను ఊరుకున్నాను.’

తిట్టినా పడదామని కూర్చుంది. ఆవిడ తిట్టలేదు. బస్సులోంచే రాస్తోందేమో, అక్షరాలు తప్పులు పోయాయి.

‘అన్నీ మీరు రాసి, పేరు ఆయనదా?’

‘అవునండీ.’

‘అయితే మీది కూడా పోయిందన్నమాట.’

అంతే. పిల్లల్ని ఎక్కించుకునే టైమైందని రాసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ ఆ గదిలోకి రాలేదు. కూతురితో వేరే గదిలో ఉందో, అదే ఇంట్లో ఉందో, తెలుసుకునే దారి లేదు.

ఆమె అక్కడే కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ తనకేదో తక్కువైందనుకుంది గానీ, పోయిందనుకోలేదు. పోవాలంటే ముందు తనదని ఒకటి ఉండాలి కదా. చర్చా గదిలో కొత్తవాళ్ళు పెట్టిన ధన్యవాదాలన్నీ గుర్తొచ్చాయి. గరిటె పట్టుకుని ఒక చూపు కోసం నిలబడ్డ మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఒకళ్ళు చూసినంత మాత్రాన తిరిగొచ్చేది కాదు అది. ఆ సంగతి స్టీరింగ్ ముందు కూర్చున్న ఒక పరాయి మనిషి, తన సర్వస్వం పోగొట్టుకున్న పూట, చెబితే గాని తెలియలేదు. భర్త ఖాతాలోంచి బయటికొచ్చింది. కంపెనీలో పనిచేసిన రోజుల్లో వాడిన తన పూర్తి పేరుతో కొత్త ఖాతా తెరిచింది. పేజీలో మార్పు కోరుతూ ఆ వాక్యం పెట్టి, కారణం రాయమన్న చోట ఇలా రాసింది: ‘ఈ వాక్యం ఇంతకుముందు ఇక్కడ ఉండేది. ఎవరి పేరు మీద ఉన్నా రాసింది నేను. ఇది తీసేశాక, ఈ పేజీని నమ్మిన ఒక స్త్రీ తన జీవితానికి దాచుకున్నది పోగొట్టుకుంది.’ పంపేసి, వెళ్ళి కుళాయి కట్టేసింది.

భర్త ఆ సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా ఫోన్ పట్టుకుని వచ్చాడు. ముఖం పాలిపోయింది. అత్తగారు టీవీ గొంతు తగ్గించారు.

“ఏంటిది? పెద్దాయన దగ్గర్నుంచి అందరూ చూశారు. ఆ పేరు ఎవరిదని నన్నడుగుతున్నారు.”

“ఏం చెప్పారు?”

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. “నాతో ఒక్క మాట అంటే నేనే పెట్టేవాణ్ణిగా. ఇంట్లో సంగతి ఇంట్లో తేల్చుకోవాలి గానీ.”

“అన్నానండీ. ఇంట్లోనే అన్నాను.”

“ఇప్పుడా పేజీల బాధ్యత నాది, నేను ఒప్పుకుంటేనే అది పేజీలోకి వస్తుంది, తెలుసుగా. కాదంటే?”

ఆమె పాప బడి సంచిలోంచి పుస్తకాలు తీస్తోంది. తీస్తున్న పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, అతని వైపు తిరిగింది. కోపంగా మాట్లాడాలనుకుంది గానీ కోపం రాలేదు. ఇతనితో ఇన్నేళ్ళు ఉన్నానే అన్న దిగులు మాత్రం కలిగింది.

“కాదనండి,” అంది. “నాకు చెప్పడం కాదు. ఎందుకు కాదో అక్కడ రాయండి, అందరూ చదివే చోట.”